మిగతా మూడున్నర

సోమవారం

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో పీజీ, అదే ఎంపీహెచ్, పూర్తిచేసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య శాఖలో చేరానని చెప్పినప్పుడు మా అమ్మమ్మ "అయితే డాక్టరువయ్యావన్నమాట" అంది. కాదన్నాను. "పోనీ నర్సమ్మవా?" అదీ కాదన్నాను. "ఇంజెక్షనూ వెయ్యవు, మందూ రాయవు. మరేం చేస్తావే?" "కాయితాలు రాస్తాను అమ్మమ్మా." ఆ మధ్యాహ్నం తెనాలిలో ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అంతకన్నా బాగా చెప్పడం నాకూ చేతకాదు. విధానాల విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే కన్సల్టెంటుని. జిల్లాల నుంచి వచ్చే ఎక్సెల్ షీట్లన్నీ కలిపి ఒకటి చేస్తాను. సమీక్షలకి స్లయిడ్లు చేస్తాను. అసెంబ్లీలో ప్రశ్న పడితే సాయంత్రంలోగా జవాబు చిత్తు తయారుచేస్తాను. చేరిన పది నెలల్లో నేను లోపలికి అడుగుపెట్టిన వైద్యశాల ఒకటే, నాన్నకి షుగరు పరీక్ష చేయించిన క్లినిక్కు.

మార్చి చివర్లో నా బల్ల మీదికి ఒక ఫైలొచ్చింది. ఏజెన్సీలో ఒక గర్భిణుల వసతి గృహం. కొండల మీద ఊళ్లవాళ్లు ప్రసవం తేదీకి పది పదిహేను రోజుల ముందే దిగివచ్చి ఉండటానికి పెట్టింది. పడకలు ఖాళీగా ఉంటున్నాయి కాబట్టి మూసేసి సిబ్బందిని వేరేచోట సర్దవచ్చా అన్నది ప్రశ్న. రెండు పేజీల నోటు రాశాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం, దేశం మొత్తమ్మీద 88.6. ఇంత బాగున్నప్పుడు ఇంకా వసతి గృహాలెందుకు అన్న ధోరణిలో ముగించాను. మా పై అధికారి మేడమ్ చదివి, 96.5 కింద పెన్సిల్‌తో గీత గీశారు. "మిగతా మూడున్నర ఎక్కడుందో చూశావా?"

చూడలేదు. ఆ పూట కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, మన దగ్గర ఆ సర్వే జరిగింది 2019లో. అప్పటికి 13 జిల్లాలే. ఆ వసతి గృహం ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంటే సర్వేలో విశాఖ బీచ్ రోడ్డూ, ఒడిశా సరిహద్దులో ముంచంగిపుట్టూ ఒకే జిల్లా, ఒకే అంకె. మహానగరం పక్కన నిలబెడితే కొండ ఎటూ కనబడదు.

అందుకని ఆదివారం రాత్రి బెజవాడలో రైలెక్కి, పొద్దున్నే విశాఖలో దిగి, జీపులో అల్లూరి జిల్లా కేంద్రం పాడేరుకి బయల్దేరాను. డ్రైవరుగారిది చోడవరం. వాళ్ల ఊరు దాటేటప్పుడు మాత్రం వేగం తగ్గించి, "ఇక్కడ బెల్లం తినకుండా ఎలిపోతారేటమ్మా" అని ఒక ముక్క కొనిపెట్టారు. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆపి దణ్ణం పెట్టుకున్నారు. మా వెనక వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరూ అంతే చేశాడు. ఆ మలుపులు చూశాక నేనూ దిగి చేతులు జోడించాను.

మినుములూరు దగ్గరికొచ్చేసరికి ఎక్కడివో మల్లెల వాసన. మల్లెలు కావు, కాఫీ పూత. ఏప్రిల్‌లో ఒక వాన పడితే చాలట, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొమ్మలకి తెల్లగా కుచ్చులు కుచ్చులుగా పూస్తుంది. నాలుగైదు రోజులే ఉంటుంది. నాకు దక్కింది.

మంగళవారం

పాడేరులో పొద్దున సమావేశం. దాని గురించి రాయడానికేమీ లేదు. స్లయిడ్లు నావే, జిల్లా వాళ్లు నాకే చూపించారు.

మధ్యాహ్నం వసతి గృహానికి వెళ్లాం. ఏ ఊళ్లోదో రాయను. శుభ్రంగా ఉంది. వరుసగా ఇనప మంచాలు, గోడ మీద రక్తహీనత బొమ్మలు, వెనక వంటిల్లు. నలుగురు గర్భిణులు నేల మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. మంచాల మీద వాళ్ల మూటలున్నాయి గానీ వాళ్లు లేరు. నన్ను చూసి లేవబోతే వద్దని నేనూ కూర్చున్నాను. వార్డెన్‌గా ఉన్నామె నాకు కుర్చీ తేవడానికి పరిగెత్తింది. అది వచ్చేలోపు నేనొక పది పిక్కలు తీశాను, అందులో మూడు నలిపేశాను. వాళ్లలో ఒకమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రిజిస్టరు తీయించి నెలనెలా చూశాను. ఫైల్లో రాసినట్టే ఉంది, తక్కువే. "పండగలొచ్చాయి కదమ్మా, ఇప్పుడు మరీ రారు" అంది వార్డెన్. ఏం పండగ అని అడిగితే "రేపు కొండెక్కుతారు కదా, తెలుస్తుంది" అంది.

బుధవారం

మన రాష్ట్రంలో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఏఎన్ఎం సిస్టర్ పెదబయలు మండలంలో ఒక కొండ మీది ఊరికి టీకాలకి వెళ్తోంది, నన్నూ రమ్మంది. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య సబ్‌సెంటరు, ఏజెన్సీలో 3,000 మందికి ఒకటి అన్నది లెక్క. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న లెక్కే. మా తెనాలి పక్క పల్లెలో 5,000 మందినీ సైకిలు మీద ఒక పూటలో చుట్టిరావచ్చు. ఇక్కడ 3,000 మంది అంటే గుట్టకో గుంపు. ఈ గుట్ట మీద పదిహేను ఇళ్లు, గెడ్డ, అంటే వాగు, దాటి ఆ గుట్ట మీద తొమ్మిది. తలలు లెక్కపెట్టిన మా కాయితం మధ్యలో గెడ్డల్ని లెక్కపెట్టలేదు.

జీపు వెళ్లినంత దూరం వెళ్లాం. ఒక మలుపులో రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ. ఇటు నలుగురు, అటు నలుగురు ఆడవాళ్లు పట్టుకుని పాట పాడుతున్నారు. నాకు గుండె జారింది. డ్రైవరుగారు తాపీగా, "ఇటుకల పండగమ్మా. డబ్బులియ్యకపోతే గెడ తియ్యరు" అన్నారు. చైత్రంలో వచ్చే ఈ పండగకి మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు దారికాచి చందాలు వసూలు చేస్తారు. వేటగాళ్లు వట్టి చేతుల్తో తిరిగొస్తే వాళ్ల మీద పేడనీళ్లు కూడా పోస్తారట. యాభై ఇచ్చాను. చాలదన్నారు. అప్పుడు మా సిస్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమే, నీ పిల్లకి టీకా ఎవరేశారే? నన్నే ఆపుతావా?" అంది. అందరూ ఘొల్లున నవ్వి గెడ ఎత్తారు. యాభై మాత్రం తిరిగివ్వలేదు.

జీపు ఆగిన చోటునుంచి నడక. ఆశా కార్యకర్త అక్కడ కలిసింది. వ్యాక్సిన్ డబ్బా సిస్టర్ భుజాన. లోపల నాలుగు ఐస్‌ప్యాకులు, మధ్యలో సీసాలు. నేను మోస్తానంటే ఇవ్వలేదు. "మీరు పడితే మీకు దెబ్బ తగుల్తుంది, ఇది పడితే నాకు మెమో వస్తుంది." రెండు గంటలు నడిచాం. మొదటి గంట నేను మాట్లాడాను. రెండో గంట ఊపిరి తీసుకోవడమే పని.

ఊళ్లో టీకా వేయాల్సిన బిడ్డలు ఆ రోజు ఇద్దరు. తట్టు టీకా సీసాలో ఐదు డోసులుంటాయి. మందు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారెయ్యాలి. సిస్టర్ ఒక బిడ్డ కోసం సీసా తెరిచింది. మిగిలిన నాలుగు డోసులూ వృథా. నా ముఖం ఎర్రబడింది. ఎండకి కాదు. మూడు నెలల క్రితం ఈ మండలానికి ఎదురుగా ఎక్సెల్‌లో ఎర్ర రంగు వేసి, "వృథా ఎక్కువగా ఉంది, కారణం తెలపండి" అని రాసింది నేనే. కారణం తల్లి ఒళ్లో కూర్చుని ఏడుస్తోంది. "ఆ లెటరు మీరు రాసిందేనా?" అని సిస్టర్ అడగలేదు. తనకి తెలుసో లేదో ఇప్పటికీ తెలియదు.

ఒక పెద్దాయన జ్వరంతో అరుగు మీద ముడుచుకుని ఉన్నాడు. ఆశా అతని వేలు గుచ్చి కిట్టు మీద రక్తపు చుక్క వేసింది. కాసేపటికి రెండో గీత తేలింది. ఫాల్సిపారం మలేరియా. సంచిలోంచి తెల్లటి మాత్రల అట్ట తీసింది. ఈ మందుల అట్టలకి వయసును బట్టి రంగులుంటాయి. ఏడాది లోపు పసివాళ్లకి గులాబీ, నాలుగేళ్ల వరకు పసుపు, ఎనిమిదేళ్ల వరకు ఆకుపచ్చ, పద్నాలుగు వరకు ఎరుపు, ఆపైన తెలుపు. ఇంగ్లీషు అక్షరాలు చదవక్కర్లేదు, మిల్లీగ్రాములు లెక్కకట్టక్కర్లేదు. నేను ఆ అట్టని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాను. ఎవరో ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని, ఇలాంటి అరుగునీ ఇలాంటి ఆశానీ మనసులో పెట్టుకుని ఈ రంగులు ఆలోచించి ఉంటారు. వాళ్లూ కాయితాలు రాసేవాళ్లే అయ్యుంటారు. అమ్మమ్మకి చూపించడానికి ఖాళీ అట్ట ఒకటి అడిగి తీసుకున్నాను.

ఇక అసలు పని. ఊళ్లో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఉంది. ఇది మూడో కాన్పు. మొదటి రెండూ ఇంట్లోనే. ఆమెకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఆశా మధ్యలో కూర్చుంది. మాకు చోడి (రాగి) అంబలి పోసింది. ఇద్దరు చిన్నపిల్లలు ఆమె కొంగు పట్టుకుని నన్ను చూస్తున్నారు. పెరట్లో కోళ్లు.

వసతి గృహానికి ఎందుకు రావడంలేదని అడిగాను. నా దగ్గర ఒక ఫారం ఉంది. కారణాల గడులు నాలుగు: అవగాహన లేదు, కుటుంబం ఒప్పుకోలేదు, రవాణా లేదు, ఇతరములు. ఆమె చాలాసేపు చెప్పింది. ఆశా తెలుగులోకి మార్చిన మేరకు ఇదీ: వసతి గృహం సంగతి తెలుసు. మంచం ఉంటుంది, గుడ్డు పెడతారు, అదీ తెలుసు. భర్త వద్దనలేదు. కానీ పదిహేను రోజులు తను అక్కడుంటే ఈ ఇద్దరికీ వండేదెవరు? అత్త లేదు. చింతపండు కొట్టే రోజులివి, ఇప్పుడు పోతే ఏడాదికొచ్చే డబ్బు పోతుంది. కోళ్లని అడవిపిల్లి పట్టుకుపోతుంది. పురుడు ఆసుపత్రిలో పోసుకుంటే ఏదో డబ్బిస్తారట గదా, దాంతో ఇవన్నీ తీరతాయా?

ఆ ఏదో డబ్బు జననీ సురక్షా యోజన. మన రాష్ట్రంలో పల్లె తల్లికి కేంద్రం ఇచ్చేది 700 రూపాయలు. పథకం మొదలైంది 2005లో. అప్పుడు నేను ఒకటో తరగతి.

నేను జవాబు చెప్పేలోపు ఆమె నేరుగా నన్నే, తెలుగులో అడిగింది. "పిల్లల్ని తెచ్చుకోవచ్చా?"

మార్గదర్శకాల్లో "గర్భిణితోపాటు ఒక సహాయకురాలికి మాత్రమే అనుమతి" అని ఉంది. నాకు గుర్తే. చేరిన కొత్తలో పాత ఉత్తర్వులన్నీ ఒకచోట చేర్చి మళ్లీ టైపు చేసే పని నాకిచ్చినప్పుడు, ఆ వాక్యాన్ని కాపీ చేసి అతికించింది నా చేతులే. 'మాత్రమే' అన్నమాట ఎందుకుందో ఆ రోజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కనుక్కుని చెప్తాను" అన్నాను. ప్రభుత్వోద్యోగిగా నేను ఇంతవరకు అన్నవాటిలో అంత చేవలేని మాట ఇంకోటి లేదు.

నొప్పులొస్తే ఏం చేస్తారని అడిగితే, ఇంటి చూరుకి కట్టి ఉన్న కర్రనీ దుప్పటినీ చూపించింది. డోలీ. ఇద్దరు ముందు, ఇద్దరు మార్చుకోవడానికి వెనక. జీపు రోడ్డు దాకా మోస్తే అక్కడికి 108 వస్తుంది, ఫోను కలిస్తే. "ఈ వారం అయితే డోలీ మోసేవాళ్లు కూడా లేరు. మగాళ్లంతా వేటకెళ్లారు" అంది సిస్టర్.

ఫారంలో 'ఇతరములు' ఎదురుగా టిక్కు పెట్టి, వెనక పేజీ నిండా రాసుకున్నాను.

దిగేటప్పుడు దారిలో ఒక బండరాయి దగ్గర ఆగాం. సిగ్నలు దొరికే చోటు అదొక్కటే. సిస్టర్ రాయెక్కి ఫోను పైకెత్తి, ఒక యాప్‌లో టీకాలు, ఇంకోదాంట్లో గర్భిణి, మరోదాంట్లో బీపీ షుగర్లు నమోదు చేసింది. ముప్పావుగంట పట్టింది. చీకటి పడుతోంది. డ్రైవరుగారు కింద నుంచి హారను కొడుతూ, "బేగి రండమ్మా, మంచడిపోతే దారి అగుపడదు" అని కేకేశారు.

గురువారం

ఒళ్లంతా పులిసిపోయింది. పొద్దున్న మంచం దిగడానికి రెండుసార్లు ప్రయత్నించాను. ఈ రోజు ఆఫీసు పనేమీ పెట్టుకోకుండా గుత్తులపుట్టు సంత చూద్దామనుకున్నాను.

సంత గురువారం. కొండలన్నిటి మీంచీ దారాలు లాగినట్టు మనుషులు దిగొస్తున్నారు. చింతపండు గంపలు, అడ్డాకుల కట్టలు, పసుపు, మిరియాలు, పనసకాయలు. చోళ్లు తవ్వల్తో కొలుస్తున్నారు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ధర ఇంతని ఒక పక్కన, నగదు చేతిలో పెట్టే షావుకారు ఇంకోపక్కన. ఎండుచేపల వాసన, పకోడీల వాసన. నిన్న రెండు గంటలు ఎక్కలేక ఎక్కిన నేను, అంతకన్నా దూరం నుంచి తలమీద గంపతో వచ్చి నిలబడి బేరమాడుతున్న ముసలమ్మని చూసి సిగ్గుపడ్డాను. కొండవాళ్లకి దూరం అడ్డం, అందుకే ఆసుపత్రికి రారు అని కదా మేం రాసుకునేది. సంతకి ప్రతివారం వస్తున్నారే!

అక్కడ ఒక చెట్టు కింద చింతపండు ముందు పెట్టుకుని నలుగురు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్న వసతి గృహంలో పిక్కలు తీసిన అమ్మాయి! నలుగురూ వాళ్లే. నిండుగర్భాలతో షేరు జీపెక్కి వచ్చారు. ఇక్కడికి వాళ్ల ఊరివాళ్లు వస్తారు. ఇంట్లో పిల్లల కబుర్లు తెలుస్తాయి, ఎవరో చిన్నదాన్ని ఎత్తుకొచ్చి చూపిస్తారు కూడా. సాయంత్రానికి తిరిగి వసతి గృహానికి వెళ్లిపోతారు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏదో తట్టి వార్డెన్‌కి ఫోన్ చేశాను. "ప్రతి గురువారం వెళ్తారా?"

"వెళ్తారమ్మా. వద్దంటే అసలే ఉండరు. పొద్దున్నే వెళ్లి పొద్దుగూకేసరికి వచ్చేస్తారు."

"మరి మీరు వారం రిపోర్టు ఏ రోజు పంపిస్తారు?"

"గురువారం మధ్యాహ్నం మూడింటికి. ఆ టైముకి ఎంతమంది ఉంటే అంతమందిని రాయమన్నారు కదా."

ఎవరు రాయమన్నారని అడగలేదు. ఆ నమూనా తయారైంది మా విభాగంలోనే. శుక్రవారం సమీక్ష ఉంటుంది కాబట్టి గురువారం మూడింటికల్లా అంకెలు కావాలి. ఏడాదిపాటు, వారం తర్వాత వారం, సంతరోజు మధ్యాహ్నం ఖాళీ మంచాలు లెక్కపెట్టించుకుని, వాటి సరాసరి తీసి, ఈ ఇల్లు ఎవరికీ అక్కర్లేదని మేం తేల్చుకున్నాం. రోజూ రాసే రిజిస్టరుని కూడా వార్డెన్ అదే నమూనాని చూసి నింపుతోంది కాబట్టి నాకు మంగళవారం ఏమీ కనబడలేదు. అలాగని తక్కిన రోజుల్లో ఇల్లు కిటకిటలాడుతోందని కాదు. మొన్న నేను చూసింది నలుగురినే. సున్నాకీ నాలుగుకీ ఉన్న తేడా మాత్రం ఫైల్లో లేదు.

ఆ అమ్మాయి దగ్గర ఒక కిలో చింతపండు కొన్నాను. బేరమాడలేదు. పిక్కలు సగం ఉన్నాయి.

శుక్రవారం

పాడేరు గెస్ట్‌హౌస్‌లో కూర్చుని నోటు తిరగరాశాను. 96.5 ఉంచాను. మన రాష్ట్రంలో 2018-20 లెక్క ప్రకారం లక్ష సజీవ జననాలకి 45 మంది తల్లులు చనిపోతున్నారనీ, దేశంలో అది 97 అనీ కూడా మొదటి నోట్లో గొప్పగా రాశాను. అదే లెక్కలో కేరళ 19 అన్న సంగతి వదిలేశాను. ఈసారి అది చేర్చాను. వసతి గృహం మూయవద్దు. లెక్క రోజూ రాత్రి భోజనాల వేళ తీయాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని తల్లితో ఉండనివ్వాలి, వాళ్లకి భోజనం ఖర్చు చూపించాలి. సంతరోజు గుత్తులపుట్టులోనే గర్భిణుల పరీక్షలు పెట్టవచ్చేమో చూడాలి, మనుషులు ఎటూ అక్కడికే వస్తున్నారు కాబట్టి. పోయే కూలి సంగతి కూడా ఒక పేరా రాసి, ఆర్థిక శాఖ గుర్తొచ్చి కొట్టేసి, మళ్లీ రాశాను.

ఘాట్ దిగేసరికి కాఫీ పూత రాలిపోయింది. వాసన మాత్రం ఇంకా ఉన్నట్టే అనిపించింది.

తర్వాత

ఫైలు పైకి వెళ్లి మూడు వారాలకి తిరిగొచ్చింది. అంచున రెండు ప్రశ్నలు. ఒకటి, పిల్లల భోజనం ఏ పద్దు కింద? రెండు, వసతి గృహంలో ఉన్న లబ్ధిదారులు సంతకు వెళ్లడానికి అనుమతిస్తున్న నిబంధన ఏది? రెండోదానికి జవాబు నాలుగు రకాలుగా రాసి చించేశాను. మేడమ్ మాత్రం, లెక్క తీసే వేళ మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పి ఆ ఒక్క ముక్క ఆ రోజే జిల్లాకి మెయిల్ చేయించారు. అమ్మమ్మ ఆ మాత్రల అట్టని దేవుడి గూట్లో పెట్టింది, ఎందుకో అడగలేదు.

నిన్న సిస్టర్ ఫోన్ చేసింది, ఆ బండరాయి మీదనుంచే అనుకుంటా, మాట తెగిపోతోంది. కొండమీది ఆమె దిగొచ్చిందట. పిల్లలిద్దర్నీ తెచ్చుకుందట. వార్డెన్ కాదనలేకపోయిందట.

"ఒక కోడిపెట్టని కూడా తెచ్చుకుందమ్మా. దాన్ని ఏ గడిలో రాయాలని వార్డెన్ అడుగుతోంది."

ఇతరములు అన్నాను.